ముందుపిడి మీద పసుపు దారం

"బ్యాటరీ! ముందు బ్యాటరీ తియ్యన్నా!"

ఉదయశ్రీ గొంతు చించుకుని అరుస్తూ పరుగెత్తింది. చేతిలోని ఆకులు పోగుచేసే పళ్ళకర్ర ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. పొదలు కత్తిరించే హెడ్జ్ ట్రిమ్మర్ తడిగడ్డిలో పక్కకు ఒరిగి పడి ఉంది. దాని పక్కనే శశికాంత్ మోకాళ్ళ మీద కూలబడి, ఎడమచేతిని పొట్టకేసి అదుముకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు. ఆకుపచ్చ రెయిన్‌కోటు మీదుగా కారిన రక్తం వానచినుకుల్లో కలిసి మోకాళ్ళ కింద మడుగు కడుతోంది.

ముఠా పెద్ద గోవిందరాజులు వ్యాను వైపు నుంచి ఒక్క ఉరుకున వచ్చాడు. అందరికీ ఆయన రాజులన్న. క్షణం అలాగే నిలబడిపోయాడు.

"అన్నా, చూస్తవేంది? బ్యాటరీ తీసి దాన్ని దూరం పెట్టు!"

ఆయన కదిలి ట్రిమ్మర్ ఎత్తుకుని వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు. ఉదయశ్రీ తన సంచిలోంచి ఫస్ట్ ఎయిడ్ డబ్బా లాగి, గాజుగుడ్డ మడతలు రెండు శశికాంత్ వేళ్ళ మీద పెట్టి గట్టిగా అదిమింది. చెయ్యి పైకెత్తి పట్టుకుంది.

"అక్కా, వేళ్ళున్నాయా?"

"ఉన్నయ్. నువ్వు అటు చూడకు. నన్ను చూడు."

"ఎన్నున్నాయక్కా?"

"పుట్టినప్పుడు ఎన్నున్నయో అన్నే. మాట్లాడు, ఆపకు. మీ ఊరేంది?"

"గుడివాడ. నీకు తెలుసుగా."

"మళ్ళా చెప్పు."

అతను ఊరు పేరు ఎనిమిదిసార్లు చెప్పాక అంబులెన్సు వచ్చింది. చూపుడువేలూ మధ్యవేలూ ఎముక దాకా తెగాయి. ఉదయశ్రీ అతనితోపాటు అంబులెన్సు ఎక్కింది. లోపల వైద్య సహాయకుడు కట్టు కడుతూ అడిగాడు, "ఇదెలా జరిగింది?"

ఆమె నోరు తెరిచి మూసుకుంది. ఎందుకంటే ఇది జరగడానికి వీల్లేదు.

ఆ మెషిన్ నడవాలంటే రెండు చేతులూ కావాలి. కుడిచెయ్యి వెనక పిడి మీదున్న మీట నొక్కాలి. ఎడమచెయ్యి ముందుపిడి మీదున్న అడ్డకడ్డీని నొక్కి పట్టాలి. రెంటిలో ఏ చెయ్యి వదిలినా కోసే పళ్ళు రెప్పపాటులో ఆగిపోతాయి. దాన్ని అలా తయారుచేసిందే చెయ్యి పళ్ళ దగ్గరికి పోకుండా ఉండడానికి. మరి శశికాంత్ ఎడమచెయ్యి పళ్ళ మధ్యకు పోయినప్పుడు ముందుపిడిని నొక్కి పట్టిన చెయ్యి ఎవరిది?

*

మధ్యాహ్నం మూడింటికి ఆమె కంపెనీ షెడ్డుకు వచ్చేసరికి యజమాని వెండ్ట్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ళ మనిషి. చేతిలో కాఫీ కప్పు లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు. ఇవాళ కప్పు లేదు. ఆ చేతిలో ట్రిమ్మర్ ఉంది.

"ఈ దారం నీదేనా?"

ముందుపిడి చుట్టూ, అడ్డకడ్డీని కలుపుకుని, పసుపు దారం నాలుగు చుట్లు బిగించి కట్టి ఉంది. కడ్డీ సగం లోపలికి నొక్కుకుపోయి ఉంది.

ఉదయశ్రీ వంగి చూసింది. దారం ఆమెదే.

నిన్న అక్టోబరు ఒకటి. మార్చి నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఇక్కడ పొదల్ని పెద్దగా నరకకూడదు, పక్షులు గూళ్ళు పెడతాయి. ఆ గడువు ముగిసిన మొదటిరోజే జర్మనీలోని ఈ ఇల్మెనౌ ఊరి చివరి అపార్ట్‌మెంట్ల చుట్టూ ఉన్న నూట ఎనభై మీటర్ల హెడ్జ్ పని మొదలైంది. శుక్రవారం సెలవు కాబట్టి గురువారం సాయంత్రానికల్లా పూర్తిచేసి తీరాలని వెండ్ట్ రెండు పూటలా ఫోన్‌లో అరిచాడు. పని మొదలైన ఆ బుధవారమే మహానవమి కూడా. సిరిసిల్లలో అయితే ఆ పూట సాంచాలనే మరమగ్గాలన్నీ ఆగిపోతాయి. నేత మగ్గాలకు బొట్లు పెట్టి, దండలు వేసి, ఒక పూట వాటిని కూర్చోబెడతారు. ఉదయశ్రీ తండ్రి ముప్ఫై ఏళ్ళుగా సాంచాలు నడుపుతున్నాడు. ఆయన కూతురు ఇక్కడ యూనివర్సిటీలో మెషిన్ల చదువు చదువుతూ, వారానికి రెండు రోజులు తోటపనికి వస్తుంది. చేతికింద మూడు ట్రిమ్మర్లుండగా ఊరుకుంటుందా?

సాయంత్రం షెడ్డులో మూడింటినీ శుభ్రంగా తుడిచి, బ్యాటరీలు తీసి, పళ్ళకు తొడుగులు వేసి బల్లమీద వరసగా పెట్టింది. పసుపు నీళ్ళలో తడిపిన దారం కట్టింది. నిమ్మకాయ కోసింది. వెండ్ట్ గుమ్మంలో కాఫీ తాగుతూ నవ్వాడు. "వచ్చే ఏడాది నా వ్యానుకు కూడా చెయ్యాలి," అన్నాడు. రాజులన్న చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. ఆ హెడ్జ్ పనికి వచ్చింది ముగ్గురే, శశికాంత్, రాజులన్న, ఉదయశ్రీ; ముగ్గురూ ఒక్కొక్క మెషిన్‌నీ వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నారు. శశికాంత్ దానికి "నా తల్లీ, రేపు నా భుజాలు కాపాడు" అని మొక్కుకుంటే అందరూ పడీపడీ నవ్వారు.

"దారం నాదే," అంది ఉదయశ్రీ. "కానీ నేను కట్టింది అక్కడ కాదు."

"మరెక్కడ?"

"వెనక పిడి మెడకు. స్విచ్‌కూ పళ్ళకూ గాలి రంధ్రాలకూ దూరంగా. కావాలంటే మిగతా రెండు మెషిన్లు చూడండి."

"మిగతా రెంటి మీద ఎవరి వేళ్ళూ తెగలేదు. దీని మీద తెగాయి. నీ దారం స్విచ్‌ను నొక్కిపట్టింది. ఒంటిచేత్తో నడుస్తుంటే ఆ కుర్రాడు రెండో చేత్తో కొమ్మ లాగాడు."

"పొద్దున్న ఏడూ పదికి నేను పరీక్ష చేశాను. ముందుపిడి వదిలేసి చూశాను. పళ్ళు ఆగాయి. కాగితం మీద సంతకం పెట్టాను."

"అదే నీకు ముప్పు." వెండ్ట్ గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే అదే ఎక్కువ భయపెట్టింది. "సంతకం నీది. దారం నీది. సోమవారం తొమ్మిదింటికి ప్రమాద బీమా వాళ్ళ తనిఖీ అధికారి వస్తుంది. అంతవరకు నువ్వు పనిలోకి రాకు. ఇది పోలీసుల దాకా పోతే నీకు నేనేమీ చెయ్యలేను."

పోలీసుల దాకా. నిర్లక్ష్యంతో మనిషిని గాయపరిచిన కేసు. పదహారో తారీఖున ఆమెకు వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉంది. ఆ ఆఫీసులో కూర్చున్న మనిషి కంప్యూటర్లో ఆమె పేరు కొట్టగానే ముందు కనబడేది ఈ కేసే.

రాజులన్న ఆమెను తన కారులో గదిదాకా దింపాడు. దారంతా వైపర్లు కిర్రుకిర్రుమంటున్నాయి.

"మాట వినుకోమ్మా," అన్నాడు ఆఖరికి. ఆయనది చంద్రగిరి. ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళయినా ఆ యాస పోలేదు. "దారం జారి స్విచ్ మీదకొచ్చింది, తెలీక జరిగింది, క్షమించండి అని చెప్పెయ్. ఆచారం అంటే వీళ్ళు మెత్తబడతారు. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేస్తారు. మిగతాది నేను చూసుకుంటా."

"దారం జారలేదన్నా. జారితే నాలుగు చుట్లు ఎట్ల పడ్తయ్?"

"అదంతా వాళ్ళకెందుకు చెప్పు? సోమవారం నేను పక్కనే కూర్చుంటా. నీ మాట నేను జర్మన్‌లో చెప్తా. నువ్వు తలొంచుకుని కూర్చో చాలు."

తలొంచుకుని కూర్చోవడం ఆమెకు తెలిసిన పనే. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా తండ్రి కుడిచేతి బొటనవేలు కొస సాంచా బెల్టులో పోయింది. బెల్టుకు ఉండాల్సిన రక్షణ మూత తీయించింది సాంచాల ఆసామి, పని త్వరగా సాగుతుందని. ఊరి పంచాయతీలో ఆయనే లేచి "కూలోడి అజాగ్రత్త" అన్నాడు. తండ్రి తలొంచుకుని కూర్చున్నాడు. ఆ మూత ఇంకా సాంచాల షెడ్డులో ఒక మూల పడే ఉంది.

*

శుక్రవారం ఆస్పత్రిలో శశికాంత్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వేళ్ళు కుట్టారు. చూపుడువేలు కదులుతుందో లేదో ఆరు వారాలకు గాని తెలియదన్నారు.

"తమ్మీ, నాకొక్కటి చెప్పు. నువ్వు మెషిన్ పట్టుకున్నప్పుడు ముందుపిడి మీద దారముందా?"

"గుర్తులేదక్కా."

"ఇంకేమన్న ఉందా? టేపు గిట్ల?"

అతని భుజం బిగుసుకుంది. "గుర్తులేదన్నాగా. కొమ్మ ఇరుక్కుంది. లాగాను. తప్పు నాదే. అలాగే రాయించెయ్."

"ఇరుక్కుంటే బ్యాటరీ తీసినంకనే చెయ్యి పెట్టాలని నీకు పదిసార్లు చెప్పిన. నువ్వు విన్నవ్ కూడా. నిన్నెందుకు మరిచినవ్?"

"మర్చిపోలేదు. ముందుపిడి వదిలేస్తే ఎప్పట్లాగే ఆగిపోద్దనుకున్నా. ఆగలా..." అతను ఠక్కున నోరు మూసుకున్నాడు.

"ఎవరు కట్టిన్రు?"

దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. లోపలి నుంచి, "నన్నొదిలెయ్ అక్కా, నీకు దణ్ణం పెడతా. ఇంకో ఏడాదిన్నర ఈ ఊళ్ళో బతకాలి నేను," అన్న మాట వినబడింది.

ఆమె లేచి నిలబడింది. ఇప్పుడు ఒక విషయం ఖాయం. ఎవరో కట్టారు. ఎవరో శశికాంత్‌కు భయం కలిగించగలిగిన మనిషి. పని ఇచ్చే వెండ్ట్ కావచ్చు. తొందర పెట్టిందీ ఆయనే. ప్రమాదం జరిగిన పావుగంటకే అక్కడికి చేరిందీ ఆయనే.

సాయంత్రానికి ఊళ్ళోని తెలుగు విద్యార్థుల గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. ఈ కంపెనీలో మనవాళ్ళు పద్నాలుగు మంది పనిచేస్తున్నారట. ఉదయశ్రీ మొండికేస్తే అందరి పనులూ పోతాయట. సారీ చెప్తే ఏం పోతుందట. పూజ ఎవరు చెయ్యమన్నారట. ఒకమ్మాయి రెండు చేతులు జోడించిన బొమ్మలు మూడు పెట్టింది. ఉదయశ్రీ అన్నీ చదివి ఒక్క లైను రాసింది: "నేను కట్టని ముడికి నేను సారీ చెప్పను." తర్వాత ఫోన్ ఆపేసింది.

*

శనివారం పొద్దున్నే ఆమె హెడ్జ్ దగ్గరికి వెళ్ళింది. సగం కత్తిరించిన పొదల గోడ, సగం గుండు చేసిన తలలా ఉంది. శశికాంత్ పడినచోట గడ్డిని వాన కడిగేసింది. అక్కడేమీ దొరకలేదు. వ్యాను ఆగిన చోటికి నడిచింది. టైర్ల గుర్తుల మధ్య తడి ఆకులు. చేతితొడుగులు వేసుకుని ఒక్కొక్క పిడికెడే పక్కకు నెట్టింది.

పది నిమిషాలకు దొరికింది. నల్లటి ప్లాస్టిక్ కేబుల్ టై. వైర్లు కలిపి కట్టడానికి వాడతారే, ఒకసారి బిగిస్తే వదలదు, అది. మధ్యలో శుభ్రంగా కత్తిరించి ఉంది. వంపు తిరిగి, ఇంకా ఏదో పిడిని కావలించుకున్నట్టే ఉంది. ఆమె దాన్ని ఫోటో తీసి, రుమాలులో చుట్టి జేబులో పెట్టుకుంది.

"మిగతా సగం ఎప్పుడు కొడతారు?"

తల ఎత్తింది. రెండో అంతస్తు బాల్కనీలో ఒక ముసలావిడ దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. మెడలో లావుపాటి కళ్ళద్దాలు వేలాడుతున్నాయి.

"తెలియదండీ. ప్రమాదం జరిగింది కదా, పని ఆగింది."

"తెలుసు. అంబులెన్సును చూశాను. ఆ కుర్రాడికి ఎలా ఉంది?"

"వేళ్ళు కుట్టారు."

"పాపం. ఇంకొకతను, ఏడ్చినతను, అతనెలా ఉన్నాడు?"

ఉదయశ్రీ అడుగు ముందుకేసింది. "ఏడ్చినతనా? ఎవరు?"

"మొహం కనబడలేదమ్మా, టోపీ ముక్కు దాకా లాక్కున్నాడు. మీ అందరివీ ఒకటే ఆకుపచ్చ కోట్లు. అంబులెన్సు అటు వెళ్ళగానే వ్యాను వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు. ఒళ్ళో ఆ మెషిన్. ఏదో కత్తిరించాడు. తర్వాత ఒక పసుపు దారం విప్పి దానికే మళ్ళీ కట్టాడు. చాలాసేపు పట్టింది."

"తర్వాత?"

"తర్వాత మెషిన్ మీద ఇలా చెయ్యి పెట్టి," ఆవిడ బాల్కనీ కడ్డీని వేళ్ళతో మెల్లగా తాకింది, "ఇలా కళ్ళు తుడుచుకున్నాడు." అవే వేళ్ళను రెండు కళ్ళకూ ఆనించింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. "ఆ కుర్రాడి కోసం ఏడుస్తున్నాడు, మంచి మనిషి అనుకున్నాను."

వాన పెద్దదైంది. ఉదయశ్రీ కదల్లేదు. ముసలావిడ చేతుల్నే చూస్తూ నిలబడిపోయింది. ఆ చేతులు చేసి చూపించింది ఏడుపు కాదు. దాన్ని ఈ ఊళ్ళో ఎంతమంది పోల్చుకోగలరో ఆమెకు తెలుసు. ఆ రోజు ఆ వ్యాను దగ్గర ఉండగలిగినవాళ్ళు ఎంతమందో కూడా తెలుసు.

జేబులోని రుమాలును తడిమి చూసుకుంది. కోపం తర్వాత వచ్చింది.

"అమ్మా, మీరు చూసింది సోమవారం ఒకరికి చెప్తారా?"

"నాకు సోమవారం డాక్టరు టెర్మిన్ ఉంది. కానీ కాగితం ఉంటే ఇప్పుడే రాసిస్తాను. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను, నా దస్తూరి ఇంకా బాగానే ఉంటుంది."

*

సోమవారం తొమ్మిదింటికి షెడ్డులో బల్ల చుట్టూ నలుగురు. తనిఖీ అధికారి కోలర్, నలభై ఐదేళ్ళ పొట్టి మనిషి, కోటు విప్పకుండానే నోటు పుస్తకం తెరిచింది. ఆమెకు ఎదురుగా వెండ్ట్. ఒక పక్క రాజులన్న, ఇంకో పక్క ఉదయశ్రీ. మధ్యలో ట్రిమ్మర్, పిడికి నంబరు చీటీతో.

"నేను అనువదిస్తాను," అన్నాడు రాజులన్న జర్మన్‌లో. "ఆ అమ్మాయి చాలా బాధలో ఉంది."

"నా మాట నేనే చెప్పుకుంటాను," అంది ఉదయశ్రీ, అదే భాషలో. "అయితే ముందు దాని బ్యాటరీ తీయండి. పళ్ళకు తొడుగు వేయండి. అప్పటిదాకా ఈ బల్ల దగ్గర నేను కూర్చోను."

కోలర్ చూపు మెషిన్ వెనక్కి పోయింది. బ్యాటరీ నిజంగానే దానిలో ఉంది. నాలుగు రోజులుగా ఉంది. ఆమె వెండ్ట్ వైపు చూసిన చూపుకు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయనే లేచి బ్యాటరీ లాగి, తొడుగు వెతికి తెచ్చి పళ్ళకు ఎక్కించాడు.

"ఇప్పుడు కూర్చోవచ్చా?" అంది కోలర్. ఆమె గొంతులో చిన్న మార్పు వచ్చింది.

ఉదయశ్రీ కూర్చోలేదు. అలమర దగ్గరికి వెళ్ళి మిగతా రెండు ట్రిమ్మర్లు తెచ్చి పక్కన పెట్టింది.

"బుధవారం సాయంత్రం ఐదూ నలభైకి మా అమ్మకు పంపిన ఫోటో ఇది. మూడు మెషిన్లకూ దారం ఒకేచోట ఉంది, వెనక పిడి మెడకు. ఈ రెంటికీ ఇంకా అక్కడే ఉంది, చూడండి. ఇప్పుడు ఈ రెంటి దారం కొంచెం జరపండి."

కోలర్ వేలితో జరిపింది. దారం కింద బూడిదరంగు ప్లాస్టిక్ మీద పసుపుపచ్చ గీత.

"తడిదారం. పసుపు రాత్రంతా పట్టింది. ఎంత తుడిచినా పోదు. మూడోదాని మెడ చూడండి."

మూడోదాని మెడ మీద దారం లేదు. గీత మాత్రం ఉంది.

"ముందుపిడి మీది దారం కింద చూడండి."

దారం కింద ప్లాస్టిక్ శుభ్రంగా ఉంది. పసుపు చాయ కూడా లేదు. దానికి బదులు అడ్డకడ్డీ అంచున సన్నటి నొక్కు, కొత్తది.

ఉదయశ్రీ రుమాలు విప్పి కేబుల్ టై బల్లమీద పెట్టింది. కోలర్ దాన్ని పట్టకారుతో తీసి నొక్కు మీద ఆనించింది. అతికినట్టు కూర్చుంది.

"ముడి కూడా చూడండి," అంది ఉదయశ్రీ. "మాది నేత ఇల్లు. పోగు తెగితే వేసే ముడి నాకు ఆరేళ్ళప్పటి నుంచి వచ్చు. ఇంకో ముడి వెయ్యమన్నా నా వేళ్ళు వెయ్యవు. ఆ రెండు మెషిన్ల మీదిది అదే. దీని మీదున్నవి మామూలు ముళ్ళు, మూడు. ఎవరో టై కట్టి స్విచ్ నొక్కిపెట్టారు, నా పరీక్ష అయ్యాక. ప్రమాదం జరగ్గానే టై కోసేసి, నా దారం విప్పి తెచ్చి దాని జాగాలో కట్టారు. నేను అప్పటికి అంబులెన్సులో ఉన్నాను."

వెండ్ట్ కుర్చీ కిర్రుమంది. "అంటే, నేనని చెప్తున్నావా?"

"మీరు తొందర పెట్టారు. నూట ఎనభై మీటర్లు రెండు రోజుల్లో చెయ్యమన్నారు. అది మీ తప్పు, అది కూడా రాసుకోమంటాను." ఆమె కేబుల్ టై వైపు వేలు చూపింది. "కానీ టై కట్టింది మీరు కాదు."

బాల్కనీలోని బడిపంతులమ్మ రాసిచ్చిన కాగితాన్ని ఉదయశ్రీ కోలర్ ముందుకు జరిపింది. కోలర్ చదివింది. ఒక లైను దగ్గర ఆగి పైకే చదివింది. "'మెషిన్‌ను తాకి, ఆ వేళ్ళతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను.' ఇందులో ఏముంది?"

"వెండ్ట్ గారూ, మీరు ఒక మెషిన్ ముట్టుకుంటే తర్వాత మీ చెయ్యి ఎక్కడికి పోతుంది?"

ఆయన అయోమయంగా చూశాడు. "ఎక్కడికి పోతుంది? ప్యాంటుకు తుడుచుకుంటాను."

"అవును. మావాళ్ళ చెయ్యి కళ్ళకు పోతుంది. పూజ చేసిన వస్తువును కదిపినా, దాని దారం విప్పినా, చెయ్యి దానంతటదే లేస్తుంది. ఏడవడానికి కాదు, తప్పు కాయమని. తప్పు చేస్తున్నానని తెలిసిన చెయ్యి మరీ త్వరగా లేస్తుంది."

కోలర్ ఆ లైను కింద గీత గీసింది.

"ఉదయా." ఆ మాట తెలుగులో వచ్చింది, చాలా మెత్తగా. రాజులన్న బల్ల మీద చూపు పెట్టి, ఏదో చిన్న సర్దుబాటు మాట్లాడుతున్నట్టు మొహం పెట్టి, పెదవులు సరిగ్గా కదపకుండా మాట్లాడాడు. "ఇక్కడితో ఆపమ్మా. వాడే భుజాలు లాగేస్తున్నాయన్నా అని ఏడిచినాడు. ఒంటిచేత్తో పట్టుకుంటే సులువని ఒక టై బిగించినా, అంతే. నేను నాలుగేళ్ళుగా అట్లనే కోస్తుండా, నాకేం కాలేదు. వాడు చెయ్యి పెడతాడని నాకేం తెల్సు? వాడు నా ఇంట్లోనే ఉండాడు, వాడిని నేనే చూసుకుంటా. పద్నాలుగు మందికి పని ఇప్పించినాను. నీకు కూడా నేనే ఇప్పిస్తి. వీళ్ళకు తెలుగు రాదు. దారం జారిందని ఒక్క మాట చెప్పు, నీ వీసా సంగతి నేను చూసుకుంటా. మనోళ్ళను మనమే పట్టిస్తామా?"

"శశికాంత్ మనోడు కాదా?" అంది ఉదయశ్రీ, తెలుగులోనే.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"వాని వేలు కదుల్తదో లేదో ఇంకా తెల్వదు. నేను అన్నా, బ్యాటరీ తియ్యి అని అరిచిన. నువ్వు తీసుకపోయి నా దారం విప్పినవ్. దాన్ని కళ్ళకద్దుకుని మరీ నా మెడకు కట్టినవ్."

"ఉదయా, వద్దు..."

"ఒక్క నిమిషం." కోలర్ పెన్ను ఎత్తింది. ఆమె చూపు ఒకరి నుంచి ఒకరి మీదికి మారింది. "ఈయన చాలాసేపు మాట్లాడారు. ఇక్కడ అనువాదానికి కూర్చున్నది ఆయనే కదా. ఏమన్నారు?"

రాజులన్న గబగబా జర్మన్ అందుకున్నాడు. "ఏమీ లేదండీ, ఆ అమ్మాయికి ధైర్యం చెప్తున్నాను..."

"నేను ఆమెను అడిగాను," అంది కోలర్.

ఉదయశ్రీ బల్లకు రెండు చేతులూ ఆనించి నిటారుగా నిలబడింది. సిరిసిల్ల పంచాయతీలో కింది గచ్చు మీద వంగిన ఒక తల కళ్ళముందు మెదిలింది. ఆమె తన తల ఎత్తింది. మూడేళ్ళుగా ఏ రోజూ అన్నా అనే మాట లేకుండా పలకని పేరును, ఆ మాట లేకుండా, షెడ్డు ఆ చివరిదాకా వినబడేలా పలికింది.

"టై బిగించింది తనేనని చెప్పారు. దారం మార్చిందీ ఆయనే. పేరు రాసుకోండి. గోవిందరాజులు."